గేమ్ ఆడే ప్రోగ్రాం: దానంతటదే నేర్చుకోవాలా, మనం ఆడి చూపించాలా?

బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టు టైటిల్ ఇవ్వాల్సిన రోజులు దగ్గరపడితే చాలు, విజయనగరం చుట్టుపక్కల కాలేజీల పిల్లలు నన్ను అడిగేది ఒకటే. కంప్యూటర్ తనంతట తానే గేమ్ ఆడాలి సార్, రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (తనే ఆడి, ప్రతి పనికీ వచ్చే మార్కులను, అంటే రివార్డును, బట్టి నేర్చుకోవడం) మేలా, మనం ఆడింది రికార్డు చేసి నేర్పడం మేలా?

దానికి ముందు నేను ఎదురు అడిగేది: ఏ గేమ్? అది మీ చెప్పుచేతల్లో ఉంటుందా? అంటే మామూలు వేగం కన్నా ఎన్నో రెట్లు వేగంగా నడపగలరా, ఓడిపోగానే ఎవరూ మౌస్ ముట్టకుండా మళ్లీ మొదలవుతుందా, స్కోరు అంకె రూపంలో ప్రోగ్రాం చేతికి వస్తుందా? నన్నడిగితే సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది.

రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌కు ఎంత ఆట పెట్టినా చాలదు మరి. డీప్‌మైండ్ వాళ్ల డీక్యూఎన్ (ఈ పద్ధతితోనే గేమ్‌లు నేర్చుకున్న ప్రోగ్రాం) పేపర్ 2015లో నేచర్ పత్రికలో వచ్చింది. అందులో 49 అటారీ గేమ్‌లు, ఒక్కో గేమ్‌కు దాదాపు 38 రోజులు ఆపకుండా ఆడినంత అనుభవం. అది ఎమ్యులేటర్, అంటే పాత అటారీ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాం, కాబట్టి ఆ ఆటను గబగబా తోసెయ్యొచ్చు. మీరు స్క్రీన్ క్యాప్చర్‌తో పట్టుకునే కార్ రేసింగ్ గేమ్‌లో 38 రోజులంటే 38 రోజులే. ఉన్నది ఒక ల్యాప్‌టాప్, రివ్యూ నెత్తిమీద, మధ్యలో ఎండాకాలం కరెంటు కోతలు. “ఏటి సార్, రాత్రంతా వదిలేసినా గోడకే గుద్దుతోంది” అన్నాడు శ్రీకాకుళం కుర్రాడొకడు. కోడ్ బాగానే ఉంది. ఒక రాత్రిలో ఆ గేమ్ ఆడగలిగింది ఒక రాత్రి ఆటే, అంతే.

రివార్డు రాయడం ఇంకో తలనొప్పి. 2016లో ఓపెన్‌ఏఐ వాళ్లు కోస్ట్‌రన్నర్స్ అనే పడవ పందెంలో స్కోరునే రివార్డుగా ఇచ్చారు. పడవ పందెం సంగతి వదిలేసి, ఒక మూల గుండ్రంగా తిరుగుతూ, మళ్లీ మళ్లీ వచ్చే టార్గెట్లను గుద్దుకుంటూ, మంటలంటుకున్నా ఆగకుండా మనుషుల కన్నా ఎక్కువ స్కోరు కొట్టింది. పందెం ముగించమని దానికెవరూ చెప్పలేదు కదా!

రెండో దారిలో, అంటే మనం ఆడి చూపించడంలో, ఈ బాధలు లేవు. మీరు ఆడుతుంటే స్క్రీన్ బొమ్మ, ఆ క్షణాన నొక్కిన కీ, రెండూ జతగా సేవ్ అవుతాయి. ఆపై మిగిలేది మామూలు క్లాసిఫికేషనే, బొమ్మ చూసి ఏ కీయో చెప్పడం. ఒక పూట ఆడిన డేటాతోనే ఏదో ఒక ఫలితం కళ్లకు కనిపిస్తుంది. కానీ శిక్షణకు ముందు ఆ ఫైలు తెరిచి ఏ కీ ఎన్నిసార్లు పడిందో లెక్క చూడండి. రేసింగ్ గేమ్‌లో ముప్పాతిక వంతు “ముందుకు” కీయే ఉండొచ్చు. దాన్ని అలాగే పెడితే మోడల్ (ఆ డేటాతో నేర్చుకున్న ప్రోగ్రాం) మలుపులో కూడా నేరుగా పోయి, పైగా అక్యురసీ బ్రహ్మాండంగా చూపిస్తుంది. నేరుగా పోయే ఫ్రేముల్లో చాలావాటిని తీసేయండి.

దీని అసలు జబ్బు వేరే. మీరు చక్కగా రోడ్డు మధ్యలోనే నడిపారు. కారు అంచుకు జారితే ఏం చేయాలో మోడల్ ఎప్పుడూ చూడలేదు. చిన్న తప్పుతో కొంచెం పక్కకు పోతుంది, అక్కడి దృశ్యం కొత్త, ఇంకా పెద్ద తప్పు చేస్తుంది, చివరికి పొదల్లో తేలుతుంది. కార్నెగీ మెలన్‌లో ఆల్విన్ అనే వ్యవస్థతో నిజం బండినే నడిపినవాళ్లు 1990ల మొదట్లోనే దీనికి విరుగుడు కనిపెట్టారు: కెమెరా బొమ్మలను పక్కకు జరిపి, దానికి తగ్గ స్టీరింగ్ జవాబు కలిపి నేర్పారు. 2011లో వచ్చిన డ్యాగర్ పద్ధతి ఇంకా బాగుంటుంది. మోడల్‌నే నడపనిచ్చి, అది చేరిన ప్రతి చోటా సరైన కీ ఏదో మీరు చెప్పి, ఆ డేటాను పాతదానికి కలిపి మళ్లీ శిక్షణ ఇవ్వాలి. నాలుగైదు విడతలకు కారు రోడ్డు పట్టుకోవడం కనిపిస్తుంది.

గురువును మించడం మాత్రం దీనివల్ల కష్టం. అందుకే స్టార్‌క్రాఫ్ట్ అనే యుద్ధ గేమ్ ఆడిన ఆల్ఫాస్టార్ ప్రోగ్రాం కూడా ముందు మనుషుల ఆటలు చూసి నేర్చుకుని, ఆ తర్వాతే తనలాంటివాటితో ఆడి పైకెదిగింది.

పాత అటారీ గేమో, పైగేమ్‌లో (పైథాన్‌లో గేమ్‌లు రాసే లైబ్రరీ) మీరే రాసుకున్న పాము ఆటో అయితే మాత్రం రీఇన్‌ఫోర్స్‌మెంటే చేయండి, అందులో పీపీవో అనే పద్ధతి చాలు. ఒక్క మాట: బొమ్మలు వద్దు, అంకెలివ్వండి. పాము తల, మేత, గోడ ఎక్కడున్నాయో నాలుగు అంకెల్లో చెప్పేయొచ్చు. అటారీ 2600 యంత్రం మెమరీ మొత్తం 128 బైట్లే, బొమ్మ బదులు దాన్నే ఇవ్వొచ్చు. ఈ లెక్కన గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ) లేకపోయినా పని నడుస్తుంది. మధ్యమధ్యలో మోడల్ సేవ్ చేసుకోండి, కరెంటు సంగతి తెలిసిందే.

ఇలా అయితే ఇది చెయ్ అని మనమే రాసే ఇఫ్-ఎల్స్ రూల్సు? పని చేస్తాయి. 2009 మారియో పోటీలో గెలిచింది ఏ-స్టార్ అనే, దారి వెతికే పద్ధతే, అందులో నేర్చుకోవడమే లేదు. కానీ టైటిల్‌లో ఏఐ కనిపించకపోతే గైడ్ ఒప్పుకోరు. పరిణామ పద్ధతులు (బాగా ఆడిన ప్రోగ్రాంలను ఉంచి, కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోవడం) చూడ్డానికి సరదా, అంతవరకే.

బయట దొరికే గేమ్ పట్టుకుంటే ఆడి చూపించడమే, నా ఓటు దానికే. ఆన్‌లైన్ మల్టీప్లేయర్ గేమ్‌ల జోలికి మాత్రం పోకండి. బాట్ అని పట్టుకుంటే అకౌంట్ బ్యాన్ అవుతుంది, అదీ డెమో ముందు రోజు అయితే చేసేదేమీ ఉండదు.