నా నోట్సుకు ఏఐని తగిలించి పద్నాలుగు నెలలు

ఏఐని మన ఫైళ్లకు తగిలించే ఎంసీపీ అనే పద్ధతి ఏమిటి, అబ్సిడియన్ అనే యాప్‌లో నోట్సు ఎలా రాసుకోవాలి, ఇవన్నీ చెప్పే వీడియోలు బోలెడున్నాయి. వాటి జోలికి వెళ్లను. ఏఐని నా అబ్సిడియన్ నోట్సుకు కలపడానికి నాకు ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది. అందులో సగం, విండోస్‌లో దాని సెట్టింగుల ఫైల్లో ఫోల్డర్ దారి రాసేటప్పుడు బ్యాక్‌స్లాష్ ఒకటికి రెండు పెట్టాలని తెలియకే పోయింది.

నేను గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయి కమీషన్ కొట్టులో పనిచేస్తాను. కొట్టు లెక్కలు అకౌంటెంటు చూసుకుంటాడు. నేను చెప్పేది నా సొంత నోట్సు సంగతి. ఏ రైతు ఎలాంటి కాయ తెచ్చాడు, ఎవరి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏ ఏసీలో ఉన్నాయి, ఎవరికి ఏ మాట ఇచ్చాం, ఎవరు అలిగి పక్క కొట్టుకు వెళ్లారు, ఇలాంటివి. ఏసీ అంటే మా దగ్గర కోల్డ్ స్టోరేజీ. నాలుగేళ్లుగా రాస్తున్నాను, పన్నెండు వందల పైచిలుకు నోట్లయ్యాయి. అన్నీ నా ల్యాప్‌టాప్‌లోనే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి. అబ్సిడియన్‌లో నాకు నచ్చిన మొదటి సంగతి అదే.

ఇబ్బంది అంతా నా రాతతోనే. కాయ సరిగ్గా ఆరలేదని ఒకరోజు ‘చెమ్మ’ అని రాస్తాను, ఇంకోరోజు ‘మెత్తగా ఉంది’ అంటాను. హడావుడిలో ఉంటే ఇంగ్లీషు అక్షరాల్లో ‘తడి’ అని కొడతాను, అదీ ఒక్కోసారి ఒక్కో స్పెల్లింగుతో. యాప్‌లో వెతికితే కొట్టిన అక్షరాలే దొరుకుతాయి, మిగతావి దొరకవు. నిరుడు మే నెలలో యార్డుకు వేసవి సెలవులిచ్చాక, కొత్తగా తగిలించిన ఏఐని ఊరికే అడిగి చూశాను: “కాయ ఆరలేదని రేటు తెగ్గోసిన లాట్లు ఎవరెవరివి?”

31 నోట్లు తీసి ముందు పెట్టింది. అందులో ఒక దాంట్లో ‘చెమ్మ’ లేదు, ‘తడి’ లేదు. ‘గుప్పిట్లో పట్టి ఊపితే గలగల లేదు’ అని మాత్రమే ఉంది. అదెలా పట్టుకుందో! ఎండిన కాయకు గింజ గలగలమంటుందని యార్డులో పుట్టి పెరిగినవాడికి తెలుస్తుంది గానీ, దీనికెవరు చెప్పారు? ఆ రాత్రి ఇంట్లో అందరికీ చూపించాను. మా ఆవిడ “బాగుంది, నా గాజుల పెట్టె ఎక్కడుందో కూడా అడగండి” అంది.

దాదాపు పది నెలలు ఆ సంబరంలోనే ఉన్నాను. ఈ మార్చిలో దిగింది.

మార్చి అంటే ఇంటికి వచ్చేసరికి రాత్రి పదకొండు, ఒళ్లంతా ఘాటు. ఒకే రైతుకు రెండు మూడు నోట్లు ఉండటం చిరాకేసి, “ఒకరివే అయినవన్నీ కలిపి శుభ్రం చెయ్యి” అన్నాను. మార్పు చేసే ప్రతిసారీ అనుమతి అడిగింది. ఏడుసార్లు చదివి నొక్కాను, ఏడూ సరిగ్గానే ఉన్నాయి. ఎనిమిదోసారి ‘ఎప్పుడూ అనుమతించు’ నొక్కేసి పడుకున్నాను.

ఫిరంగిపురం వైపు ఒక ఊళ్లో మాకు ఇద్దరు రైతులున్నారు. అన్నదమ్ముల పిల్లలు. తాత పేరే ఇద్దరికీ పెట్టారు, ఇంటిపేరూ ఒకటే. కొట్లో ఒకాయన్ని పెద్దాయన అంటాం, ఇంకొకాయన్ని బావి గట్టాయన అంటాం. నోట్సులో మాత్రం నేను ఒకచోట పూర్తి పేరు, ఒకచోట ఈ పిలుపు, ఇంకోచోట ఉత్త ఇంటిపేరు రాసి వదిలేసేవాణ్ణి. ఇద్దరిదీ తేజ రకమే, ఇద్దరూ పెట్టింది ఒకే ఏసీలో. ఇంకేముంది, ఇద్దర్నీ ఒకణ్ణి చేసి కూర్చుంది.

పదహారు రోజుల తర్వాత పెద్దాయన కొట్టుకొచ్చి “ఏసీలో మన కాయ ఎంతుంది అబ్బాయ్?” అన్నాడు. ల్యాప్‌టాప్ చూసి దర్జాగా “నూట నలభై టిక్కీలండీ” అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన రసీదు తీశాడు. “నేను పెట్టింది ఎనభై ఆరు. ఏసీలో పిల్లలు పెట్టాయా ఏంటి?”

కొట్లో అందరూ నవ్వారు. బాబాయి నవ్వలేదు. రైతు ముందు అంకె తప్పు చెప్పడం మా పనిలో ఎలాంటిదో ఆయనకు తెలుసు. లెక్క ఎక్కువ చెప్పాను కాబట్టి నవ్వులాట అయింది, తక్కువ చెప్పి ఉంటే?

అబ్సిడియన్ పాత కాపీలు దాస్తుందిగా అని ధైర్యంగా తెరిచాను. మనం మార్చకపోతే అది ఏడు రోజులవే ఉంచుతుంది. నేను చూసింది పదహారో రోజున. నేను వాడే కనెక్షన్‌కి ఫైలు చెరిపే వీలు లేదు కాబట్టి బావి గట్టాయన నోటు పేరుకి ఉంది. తెరిస్తే లోపల ఒకే ఒక్క వాక్యం: ‘ఈ వివరాలు పై నోటులో కలిశాయి.’ చివరికి మూడు వారాల కిందటి పెన్‌డ్రైవ్ కాపీ, బాబాయి పొడుగు పుస్తకం పక్కపక్కన పెట్టుకుని రెండు రాత్రులు కూర్చుంటే ఒక కొలిక్కి వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే, ఆ రాత్రి అది కలిపిన 43 జతల్లో 40 సరైనవే. నేను చేత్తో చేసి ఉంటే అంతకంటే ఎక్కువే తప్పులు దొర్లేవేమో.

కోపం తగ్గాక తట్టింది. గలగల లేదన్నా చెమ్మ అన్నా ఒకటేనని పట్టుకున్న బుర్రే, బావి గట్టాయనా పెద్దాయనా ఒకరేనని అనుకుంది. మొదటిదానికి ఇంట్లోవాళ్లను పిలిచి చూపించినవాణ్ణి, రెండోదానికి పూర్తిగా తిట్టలేకపోతున్నాను.

ఆ 31 నోట్ల సంగతి కూడా. తర్వాత చేత్తో వెతికితే ఇంకో ఐదు బయటపడ్డాయి. అది ‘ఇవే ఉన్నాయి’ అంటే ‘ఇవి ఉన్నాయి’ అని చదువుకోవడం అలవాటు చేసుకున్నాను. ఫైళ్లన్నీ నా దగ్గరే ఉంటాయన్నది నిజమే, కానీ అది చదివిన నోటు జవాబు కోసం దాని సర్వర్‌కి వెళ్లాల్సిందే. అందుకే ఎవరికి ఎంత అప్పుందో రాసుకునే ఫోల్డర్‌ని దానికి చూపించడం మానేశాను. ఇంకొకటి, నేను పెట్టుకున్న పద్ధతిలో ఇది ల్యాప్‌టాప్‌లోనే పనిచేస్తుంది. పొద్దున్నే యార్డులో లాట్ల మధ్య నిలబడ్డప్పుడు, నిజంగా అవసరం పడేచోట, ఫోన్లో లేదు.

ఇప్పుడు దానికి చదవడానికే అనుమతి. ఏదైనా రాయాలంటే విడిగా ఒక ఫోల్డర్లో రాస్తుంది, నచ్చితే నేనే మారుస్తాను. రోజూ రాత్రి గిట్‌లో, అంటే ఫైళ్ల పాత రూపాలు దాచిపెట్టే సాఫ్ట్‌వేర్‌లో, ఒక కాపీ పడుతుంది. ఇంత కట్టడి అయ్యాక కూడా నెలనెలా డబ్బు కట్టాలా అంటే, నాకు కట్టబుద్ధి అవుతోంది. నోట్సు కుదురుగా, ఒకే రకంగా రాసుకునేవాళ్లకు యాప్‌లో వెతుకులాటే చాలేమో. నాలాగా గజిబిజిగా రాసేవాళ్లకు దీనితో లాభం ఎక్కువ, ప్రమాదం కూడా వాళ్లకే ఎక్కువ.

బాబాయి మాత్రం పొడుగు పుస్తకం వదల్లేదు. రైతుల ఫోల్డర్లో మొదటి నోటు ఇప్పుడు ఇలా ఉంటుంది: ‘ఒకే పేరుతో ఇద్దరున్నారు. కలపొద్దు.’ ప్రస్తుతానికి ఆ మాట వింటోంది. ఇప్పుడు యార్డుకు సెలవులు, పని పల్చగా ఉంది. పెద్దాయన మొన్న ఫోన్ చేసి ఎరువుల ధర అడిగి, పెట్టేసే ముందు “నా టిక్కీలు ఇంకేమైనా ఈనాయా?” అన్నాడు.