పర్యావరణ పాఠం: విడి పేపరు మేలా, ప్రతి సబ్జెక్టులో కలపడం మేలా?

డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులందరికీ పర్యావరణ పాఠం తప్పనిసరి అయిందంటే కారణం పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసు. సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది, 2003లో మళ్లీ గట్టిగా చెప్పింది. యూజీసీ 50 పీరియడ్ల ఉమ్మడి సిలబస్ ఇచ్చింది. అలా వచ్చిన విడి పేపరు మేలా, ఎవరి సబ్జెక్టులో వారికి కలిపి చెప్పడం మేలా? నేను రెండోదానివైపే మొగ్గుతాను, ఒక షరతు మీద.

విడి పేపరును ఎవరూ తప్పించుకోలేరు, నిజమే. కానీ సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా సిలబస్‌లో దానికి క్రెడిట్లే లేవు. క్రెడిట్లు లేని పేపరును విద్యార్థి పరీక్ష ముందు రాత్రి తెరుస్తాడు.

2020 మే 7న విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి లీకైన స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం) ఆవిరి 12 మందిని బలిగొంది. విడి పేపరులో ఇదొక ఐదు మార్కుల ప్రశ్న. అదే కెమికల్ ఇంజినీరింగ్ క్లాసులో చెప్పి చూడండి. నిల్వ ఉన్న స్టైరీన్ నెమ్మదిగా పాలిమర్‌గా (అణువులు గొలుసులా అతుక్కున్న పదార్థంగా) మారుతూ వేడిని విడుదల చేస్తుంది, ఆ వేడి చర్యను ఇంకా తొందరపెడుతుంది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ పుట్టే వేడి గీత నిట్టనిలువుగా లేస్తుంది. ట్యాంకు నుంచి బయటికి పోయే వేడి మాత్రం సరళరేఖలోనే పెరుగుతుంది. రెండింటినీ ఒకే గ్రాఫు మీద గీయించి, మొదటిది రెండోదాన్ని దాటిపోయే చోటు చూపించాలి. శీతలీకరణ సరిగా లేకపోతే, ఆ చర్యను అడ్డుకునే నిరోధక రసాయనం తగ్గిపోతే ఊరికి ఏమవుతుందో అప్పుడు విద్యార్థికి లెక్కతో సహా తెలుస్తుంది. రేపు అలాంటి ట్యాంకుకు బాధ్యుడయ్యేది అతడే.

కెమిస్ట్రీ వారికి నల్లగొండ పద్ధతి ఉంది. పటిక, సున్నం వేసి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించడం బీకరులోనే చేయించవచ్చు. అడుగున మిగిలే మడ్డిని ఎక్కడ పారబోయాలన్న ప్రశ్న కూడా అక్కడే లేస్తుంది.

అయితే కొల్లేరు ఏ ల్యాబులోనూ ఇమడదు. 1999లో అభయారణ్యమై, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన ఆ సరస్సులో 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు ముఖ్యమా, చెరువుల మీద బతికే కుటుంబాలు ముఖ్యమా? చట్టం, బతుకుతెరువు కలిసిన ఈ చర్చకు విడి క్లాసు కావాల్సిందే. పైగా అందరూ చెప్పాలంటే చివరికి ఎవరూ చెప్పరు. కంప్యూటర్ సైన్సు విభాగంలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

నా షరతు అదే: విడి పేపరును తీసేయకూడదు. నిర్వచనాలు తగ్గించి, చట్టానికీ ఇలాంటి చర్చలకూ ఉంచాలి. యూజీసీ ఇచ్చిన ఆ 50 పీరియడ్ల సిలబస్‌లో క్షేత్రపరిశీలనకు 25 మార్కులు పెట్టారు. నెట్‌లో దొరికిన ఫొటోలు అంటించిన రికార్డుకు అలాంటి మార్కులు వేయడం ఆపాలి. హాస్టల్ మురుగు ఏ కాలువలో కలుస్తోందో వెంట నడిచి చూసి, ఆ నీటి బీఓడీ (మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) కొలిచి, ప్రిన్సిపాల్‌కు నివేదిక ఇచ్చిన జట్టుకు వేయాలి.