బరంపురంలో 'రామమాడ'కి పోసిన మూడున్నర వేలు

బరంపురం వెళ్ళేవాళ్ళకి ఒక మాట. లాడ్జీలో ఎవరైనా "పాత నాణేలు చూస్తారా" అని గదికి వస్తే తలుపు వేసుకోండి.

పోయిన నెల మావయ్యగారు, మా ఆయన, నేను మూడు రోజులు వెళ్ళాం. తారాతారిణి దర్శనం, గోపాల్‌పూర్ సముద్రం హాయిగా జరిగాయి. వచ్చిన చిక్కంతా స్టేషన్ దగ్గర లాడ్జీలోనే.

గది రోజుకి 1,400. ఫ్యాను రాత్రంతా గీపెట్టేది, ఆరింటికల్లా వేడినీళ్ళు అయిపోయేవి. అదీ ఓర్చుకున్నాం. మావయ్యగారికి పాత నాణేల సరదా అని రిజిస్టర్ రాసేటప్పుడే మేనేజరు మాటల్లో లాగేశాడు. రెండో రోజు సాయంత్రం తనే ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన గుడ్డమూట విప్పి రాగి బిళ్ళ ఒకటి మావయ్యగారి చేతిలో పెట్టాడు. ఒకవైపు సింహాసనం మీద సీతారాములు, పక్కన తమ్ముళ్ళు, పాదాల దగ్గర హనుమంతుడు. రెండోవైపు ఇంగ్లీషులో ఈస్టిండియా కంపెనీ, అణా, 1818.

"రామమాడ బాబూ, ఇంకెక్కడా దొరకదు" అన్నాడు.

రామదాసు బాకీ తీర్చడానికి రామలక్ష్మణులు తానీషా ముందు మాడ నాణేలు పోసిన కథ వింటూ పెరిగిన మనిషి మావయ్యగారు. బిళ్ళని కళ్ళకద్దుకున్నారు. అంతే, బేరమాడే పట్టు అక్కడే పోయింది. 6,000 చెప్పినవాడు 3,500కి దిగి, పైన మావయ్యగారి పర్సులో ఉన్న 1969 నాటి గాంధీ పదిరూపాయల వెండి నాణెం అడిగాడు. అది ఇవ్వడానికి వీల్లేదని నేను పట్టుబట్టాను. డబ్బు మాత్రం ఇచ్చేశారు.

మర్నాడు పట్టుచీరలకని బడా బజార్ వెళ్ళాం. అక్కడ వెండిపని చేసే తెలుగు పెద్దాయన దొరకడం మా అదృష్టం. బిళ్ళ అంచుని గోటితో తడిమి, "అతుకు తగుల్తోందా అమ్మా? ఇది పోత పోసింది, అసలు నాణెంలా ముద్ర కొట్టింది కాదు" అన్నారు. హనుమంతుడి ముఖం మీద పోతలో పడిన సన్నటి బుడగల గుంటలు భూతద్దంలో చూపించారు. రామపట్టాభిషేకం బొమ్మతో అణా నాణెం కంపెనీ వెయ్యనే లేదట. ఇదే బొమ్మ 1616, 1717, 1818 అని తేదీలు మార్చుకుని తన దగ్గరికి వస్తూనే ఉంటుందట. తన దగ్గరున్న అసలు 1835 అర్ధణా పక్కన పెట్టారు. సింహాలు పట్టుకున్న కంపెనీ ముద్ర, అరిగినా గీతలు పదునుగానే ఉన్నాయి, తూకం 12.9 గ్రాములు.

"పూజకి చేయించుకునే రాముడి బొమ్మ బిళ్ళలు, రామటంకాలు, వేరు బాబూ. అవి డబ్బు కాదు, వాటి మీద అణా అని ఎందుకుంటుంది? వెండిదైతే తూకం, పాతదైతే పనితనం చూసి ధర కడతాం. దీనికి వంద ఎక్కువ."

తర్వాత గాంధీ నాణెం తూచారు. 15 గ్రాములు, అందులో వెండి నూటికి 80 పాళ్ళు. "పన్నెండు గ్రాముల వెండి ఉంది, తోమకుండా దాచుకోండి, తోమితే కొనేవాళ్ళు ధర తగ్గిస్తారు" అన్నారు. మా దగ్గర పైసా తీసుకోలేదు, పైగా టీ తెప్పించారు.

లాడ్జీకొచ్చి అడిగితే మేనేజరు ముఖం కూడా ఎత్తలేదు. "నాకేం సంబంధం, మీరేగా కొన్నారు" అన్నాడు. గంట ఆలస్యంగా ఖాళీ చేశామని 200 వేశాడు కూడా. ఆ రాత్రి రైల్లో మావయ్యగారు భోజనం ముట్టలేదు. మా ఆయన ఆ పొట్లం విప్పి మళ్ళీ కట్టేశారు.

ఈసారి వెళ్తే గోపాల్‌పూర్‌లోనే దిగుతాం. అక్కణ్ణుంచి బజారుకి ఆటో 350 అడిగారు, అయినా సరే. ఆ పెద్దాయన కొట్లో మావయ్యగారికి వెండి రామటంకం ఒకటి తూకానికే చేయించాలి.