10 గేజ్ తీగలతో 14 నెలలు: నొప్పి తగ్గిన మాట నిజమే, కాని...

గిటార్ నేర్చుకునేవారి వేలికొసలు నొప్పి పెడతాయనీ, కొన్ని వారాలకు కాయలు కాచి సర్దుకుంటాయనీ అందరికీ తెలిసిందే కనుక దాని జోలికి పోను. 14 నెలల క్రితం నా గిటార్‌కు వేయించుకున్న 10–47 కొలత ఎక్స్‌ట్రా లైట్ ఫాస్ఫర్ బ్రాంజ్ తీగల గురించే ఈ సమీక్ష (మొదటి తీగ మందాన్ని బట్టి వీటినే 10 గేజ్ అంటారు). వాటిని వేయించిన మొదటి నెలలో కనబడిన ప్రతివారికీ "ముందు తీగలు మార్చండి, నొప్పి దానంతటదే పోతుంది" అని చెప్పాను. ఆ మాటలో సగమైనా ఇప్పుడు వెనక్కి తీసుకోవలసి వస్తోంది.

నా వయస్సు 46. తొమ్మిదేళ్ళుగా మధుమేహం ఉంది. కొన్నప్పుడు గిటార్‌కు 12 గేజ్ తీగలు ఉండేవి. సి కార్డ్ (కలిసి మోగే కొన్ని స్వరాల పట్టు) పట్టుకోవడానికి రెండో తీగను మొదటి మెట్టు (మెడ మీది మొదటి అడ్డుపట్టీ, ఫ్రెట్) దగ్గర ఎడమ చూపుడువేలితో నొక్కితే, వేలు తీసిన తర్వాత కూడా దారంతో కోసినట్టు ఒక గీత చాలాసేపు ఎర్రగా ఉండిపోయేది. ఉదయం షుగర్ పరీక్షకు సూది గుచ్చుకున్నదీ ఆ చేతివేళ్ళకే కావడంతో రెండు నొప్పులూ ఒకచోటే కలిసేవి. ఆ పరీక్షను కుడిచేతి ఉంగరపువేలి పక్కకు మార్చుకోవచ్చని తోచడానికే నాకు మూడు వారాలు పట్టింది. అమ్మిన దుకాణంలో అడిగితే "నెల రోజులు ఓర్చుకోండి సార్, అందరికీ అంతే" అన్నారు. వీణ వాయించే మా పెద్దమ్మ తన ఎడమచేతి రెండు వేళ్ళు చూపించింది. కొసల మీద తీగ పట్టేంత గాడి పడి ఉంది. "ఇది నలభై ఏళ్ళదిరా, నువ్వు నాలుగు వారాలకే గోల పెడుతున్నావు" అని నవ్వింది. ఆవిడ మాటకు బదులు చెప్పలేకపోయాను గాని, దుకాణంవారి మాట మాత్రం మనస్సులో ముల్లులా ఉండిపోయింది.

తీగలు మార్చాలన్న ఆలోచన టోనీ అయోమీ కథ చదివినప్పుడు వచ్చింది. బ్లాక్ సబ్బాత్ అనే రాక్ బృందంలో గిటార్ వాయించిన ఈయన 1965లో బర్మింగ్‌హామ్‌లోని రేకుల కర్మాగారంలో కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతివాటం కావడంతో తీగలు నొక్కవలసింది ఆ కుడిచేతితోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకుని, తీగలు కూడా సన్నవి వేసుకున్నాడు. (స్ఫూర్తి పొంది నేనూ సిలికాన్ తొడుగులు కొన్నాను. అవి పక్క తీగలను కూడా తాకి మోగనివ్వకపోవడంతో రెండు రోజుల్లో సొరుగులోకి వెళ్ళాయి.) 12 గేజ్‌లో మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యింట 12 వంతులు, 10 గేజ్‌లో 10 వంతులు. తేడా కంటికి ఆనదు. అయితే అదే శ్రుతిలో తీగ బిగువు మందపు వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, మొదటి తీగ దగ్గర బిగువు సుమారు 30 శాతం తగ్గుతుంది. వేయించిన రోజు సాయంత్రమే పావుగంట ఆగకుండా వాయించగలిగాను. నా ప్రచారమంతా ఆ పావుగంట పుణ్యమే.

తర్వాతి నెలల్లో మరికొన్ని సంగతులు తెలిసివచ్చాయి. బిగువు తగ్గడంతో గిటార్ మెడ కాస్త వెనక్కి నిటారై, రెండు మూడు మెట్ల దగ్గర లావు తీగలు జరజరమనడం మొదలుపెట్టాయి. నాదం పలచబడింది, ఒక్కడినే కూర్చుని మెల్లగా వాయించుకుంటే పరవాలేదు గాని, పక్కన ఎవరైనా పాడితే వినబడదు. పైగా సన్న తీగకు తక్కువ బలం చాలినా, ఆ బలమంతా మరింత సన్నని గీత మీదే పడుతుంది కాబట్టి, మొదటి మెట్టు దగ్గర మాత్రం ఆ కోసినట్టుండే నొప్పి పూర్తిగా పోలేదు. ఐదారు మెట్ల దగ్గర హాయిగా ఉండే వేలు మొదటి మెట్టు దగ్గరే ఎందుకు బాధపడుతోందని నేను అడగనే లేదు.

ఆ ప్రశ్న వేయించింది మా మేనకోడలు. ఐదో నెలలో ఒక ఆదివారం పాడటానికి కూర్చుని, శ్రుతి అర స్వరం పెంచమంది. తీగలు బిగించే ఓపిక లేక మొదటి మెట్టు మీద కేపో (తీగలన్నింటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) బిగించి అదే సి కార్డ్ పట్టుకున్నాను. వేలు వెన్నలో దిగినట్టు దిగింది. నమ్మబుద్ధి కాక కేపో తీసి మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ నొప్పి. ఇలా నాలుగైదుసార్లు తీసి పెడుతుంటే ఆ పిల్ల "మామయ్యా, పాట మొదలుపెడతావా, లేదా?" అని విసుక్కుంది. అవే తీగలు, అదే వేలు. మారిందల్లా మెడ చివర తీగలు ఆనుకునే తెల్లని పట్టీ, అంటే నట్, లెక్కలో లేకుండా పోవడమే. కేపో పెట్టగానే తీగలు నట్ ఎత్తు నుంచి కాక మెట్టు ఎత్తు నుంచి బయలుదేరుతాయి.

మరుసటి శనివారం సికింద్రాబాద్‌లో వాద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన నేను చెప్పేది సగం విని, తీగను మూడో మెట్టు దగ్గర నొక్కిపట్టి, మొదటి మెట్టుకూ తీగకూ మధ్య ఉన్న సందును వెలుతురుకు ఎదురుగా చూపించారు. అక్కడ వెంట్రుకవాసి సందు చాలునట; నా గిటార్‌లో విజిటింగ్ కార్డు మడతపెట్టి దూర్చినా పట్టింది. సన్నని ఆకురాళ్ళతో నట్‌లో తీగలు కూర్చునే ఒక్కొక్క గాడినీ నాలుగైదు రుద్దులు రుద్దడం, తీగ పెట్టి చూడడం, మళ్ళీ రుద్దడం, ఇలా గంటసేపు సాగింది. ఒక్క రుద్దు ఎక్కువైతే తీగ వదిలి వాయించినప్పుడు మెట్టుకు తగిలి జరజరమంటుందని, తొందరపడవద్దని నన్నే హెచ్చరించారు. మెడలోని రాడ్‌ను పావు చుట్టు తిప్పి లావు తీగల రొదనూ సరిచేశారు. శాడిల్‌ను, అంటే రెండో చివర తీగలు ఆనుకునే పట్టీని, మాత్రం ముట్టుకోలేదు. అక్కడ ఒక మిల్లీమీటరు అరగదీస్తే పన్నెండో మెట్టు దగ్గర అర మిల్లీమీటరే దిగుతుందని, నా బాధ అక్కడిది కాదని అన్నారు. ఇంటికి వచ్చి అరగంట వాయించాక వేలు చూసుకుంటే గీత ఉంది, కాని ఎరుపు లేదు. దుకాణంలో ఆ నట్‌ను ఎవరైనా ఒక్క నిమిషం చూసి ఉంటే నా మొదటి నెలలు అలా గడిచేవి కావన్న కోపం మాత్రం ఈనాటికీ తగ్గలేదు.

కాబట్టి ఈ తీగలకు మంచి మార్కులే వేస్తాను గాని, మొదట వేసినన్ని వేయలేను. నేను రోజుకు అరగంట మించి వాయించను, కచేరీలు చేయను, చక్కెర జబ్బు వల్ల వేలికి దెబ్బ తగిలితే మానడం ఆలస్యమవుతుందన్న భయం ఉంది. నాలాంటివారికి 10 గేజ్ సరిపోవచ్చు. పాతికేళ్ళ వయస్సులో రోజూ రెండు గంటలు వాయించేవారికి ఈ పలుచని నాదం నచ్చకపోవచ్చు. ఎవరైనా సరే, తీగలు కొనేముందు మొదటి మెట్టు మీద కేపో పెట్టి ఒక్కసారి సి కార్డ్ పట్టుకుని చూసుకుంటే, డబ్బు తీగల మీద పెట్టాలో నట్ మీద పెట్టాలో తేలుతుంది. స్నానం చేసిన వెంటనే, అంట్లు తోమిన వెంటనే వాయించకపోవడం కూడా నాకు బాగా పనిచేసింది. నానిన కాయ మీద తీగ ఇట్టే దిగబడుతుంది.

కాయలు ఇప్పుడు గట్టిగానే ఉన్నాయి. ఎంత గట్టివంటే, మా ఆఫీసు హాజరు యంత్రం నా ఎడమ చూపుడువేలిని గుర్తించడం మానేయడంతో, అర్జీ పెట్టుకుని కుడి బొటనవేలు నమోదు చేయించుకున్నాను. ఇప్పుడున్నది నాలుగో సెట్. ఈసారి నాదం కోసం 11 గేజ్ వేయించాలని ఉంది గాని, పెద్దాయన దింపిన నట్ గాడులు 10 గేజ్ మందానికే తీసినవి కనుక, ముందు గిటార్ తీసుకుని మళ్ళీ సికింద్రాబాద్ వెళ్ళాలి.