పాత ఫుట్‌బాల్ జెర్సీలు: మైదానంలో తడిసినదా, దుకాణంలో కొన్నదా?

పాత ఫుట్‌బాల్ జెర్సీలు సేకరించాలని మనసు పడినవారికి మూడు దారులున్నాయి. ఆటగాడు మ్యాచ్‌లో తొడుక్కున్న జెర్సీ ఒకటి. అదే సీజన్‌లో అభిమానుల కోసం దుకాణాల్లో అమ్మిన రెప్లికా రెండోది. పాత నమూనానే కంపెనీలు ఇప్పుడు కొత్తగా కుట్టించి అమ్ముతున్నది మూడోది. నా ఓటు రెండోదానికే. ముందే చెప్పేస్తున్నాను కాబట్టి, కింది మాటల్లో పక్షపాతం కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

మ్యాచ్ జెర్సీకి ఉన్న ఆకర్షణ మామూలుది కాదు. 1986 జూన్ 22న మెక్సికో సిటీలో ఇంగ్లండ్‌పై రెండు గోల్స్ చేసినప్పుడు మారడోనా ఒంటిమీద ఉన్న నీలం జెర్సీ, 2022 మేలో సోథబీస్ వేలంలో 71 లక్షల పౌండ్లకు పైగా పలికింది. ఆట ముగిశాక మారడోనాతో జెర్సీ మార్చుకున్న ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్ స్టీవ్ హాడ్జ్ దాన్ని ఏళ్ల తరబడి దాచుకున్నాడు. తర్వాత ఇంగ్లండ్‌లోని జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియంలో ప్రదర్శనకు ఇచ్చాడు. ఒక వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ఇంత తేటగా తెలియడం అరుదు. అయినా వేలం ప్రకటన రాగానే మారడోనా కుటుంబం నుంచి అభ్యంతరం వచ్చింది. అది మొదటి సగంలో తొడుక్కున్నదని, గోల్స్ పడ్డ రెండో సగంలోది కాదని వారి వాదన. చివరికి వేలం సంస్థ ఆనాటి ఫొటోలను, జెర్సీని పక్కపక్కన పెట్టి పోల్చి చూపించాల్సి వచ్చింది. ఈ జెర్సీకే ఇంత తంటా అయితే, రెండో డివిజన్ డిఫెండర్ ఎవరో తొడుక్కున్నాడని అమ్మే జెర్సీని ఏ ధైర్యంతో కొంటాం?

ఇందులో ఇంకో తమాషా ఉంది. అర్జెంటీనా దగ్గర ఉన్న నీలం జెర్సీలు మెక్సికో ఎండకు బరువుగా ఉన్నాయని, తేలికైనవి కావాలని కోచ్ బిలార్డో పట్టుబట్టాడు. సిబ్బంది మెక్సికో సిటీ దుకాణాల్లో గాలించి కొనుక్కుని వచ్చారు. వాటి మీద జట్టు చిహ్నాన్ని హడావిడిగా కుట్టించి, అమెరికన్ ఫుట్‌బాల్ జెర్సీల మీద ఉండేలాంటి మెరిసే వెండి అంకెలు అతికించారు. అంటే అంత పేరుమోసిన మ్యాచ్ జెర్సీ కూడా మొదట దుకాణంలో సరుకే! ధరను అంత ఎత్తుకు తీసుకెళ్లింది దాన్ని తొడుక్కున్న మనిషి, అతనే తొడుక్కున్నాడనే రుజువు.

ఆ రుజువు పాతకాలం జెర్సీలకు దొరకడం మరీ కష్టం. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆటగాడికి సీజన్ అంతటికీ ఒకే నంబరు, వీపు మీద పేరు వచ్చింది 1993–94 నుంచే. అంతకుముందు ఆ రోజు బరిలోకి దిగిన వారికి 1 నుంచి 11 వరకు పంచేవారు. 9 నంబరు జెర్సీ ఒకే సీజన్‌లో ఇద్దరు ముగ్గురి ఒంటిమీదకు వెళ్లి ఉండవచ్చు. అమ్మేవారు మాత్రం వారిలో పేరున్నవాడి పేరే చెబుతారు.

కొత్తగా కుట్టిన పాత నమూనాల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అన్ని సైజుల్లో దొరుకుతాయి, నిశ్చింతగా వేసుకుని తిరగవచ్చు, మరక పడినా ప్రాణం పోదు. కానీ నేత వేరు, కొలతలు వేరు, కొన్నింటి మీద అప్పటి స్పాన్సర్ పేరే ఉండదు. వేసుకోవడానికి కొనండి. సేకరణలో మాత్రం లెక్కపెట్టకండి.

ఇక రెప్లికా. ఇంగ్లండ్‌లో ఈ వ్యాపారం ఊపందుకున్నది 1970లలో, లీడ్స్ యునైటెడ్‌తో అడ్మిరల్ కంపెనీ చేతులు కలిపాక. తన కాలాన్ని రెప్లికా ఎంత చక్కగా పట్టి ఉంచుతుందో చూడాలంటే మాంచెస్టర్ యునైటెడ్ బూడిద రంగు జెర్సీయే చాలు. 1996 ఏప్రిల్ 13న సౌతాంప్టన్‌లో ఆ జట్టు మొదటి సగానికే 3–0తో వెనుకబడింది. ఆ రంగులో తోటి ఆటగాళ్లు కనబడటం లేదంటూ విరామంలో నీలం, తెలుపు జెర్సీలకు మారింది. అయినా 3–1తో ఓడింది. బూడిద రంగులో ఆడిన ఐదు మ్యాచ్‌లలో ఒక్కటీ గెలవలేదు. జట్టు దాన్ని అటకెక్కించింది. అప్పటికే డబ్బు పోసి కొన్న అభిమానుల మాట ఎవరూ అడగలేదు. ఆ రెప్లికా చేతికి వస్తే ఈ కథంతా దానితోపాటే వస్తుంది. ఫలానావాడు తొడుక్కున్నాడని ఎవరూ సంతకం చేసి ఇవ్వనక్కర్లేదు.

రెప్లికాలలోనూ నకిలీల బెడద ఉంది. కాకపోతే ఇక్కడ రుజువు గుడ్డలోనే ఉంటుంది, మన కళ్లతో మనమే చూసుకోవచ్చు. 1990లలోని చాలా జెర్సీల్లో జట్టు చిహ్నమో, గళ్లో నేతలోనే కలిసిపోయి ఉంటాయి. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే తేలి కనిపిస్తాయి, లోపలివైపు తిప్పినా వాటి జాడ తెలుస్తుంది. నకిలీలో అదే నమూనా తరచుగా పైపై అచ్చు మాత్రమే. 2000ల తర్వాతి నైకీ, అడిడాస్ జెర్సీలకు లోపలి చిన్న లేబుల్ మీద కోడ్ ఉంటుంది. దాన్ని ఇంటర్నెట్‌లో వెతికితే చేతిలో ఉన్న జెర్సీయే రావాలి. వేరే జట్టు జెర్సీయో, బూట్లో వస్తే బేరం మానుకోండి.

ట్యాగు కూడా తీయని కొత్తదా, వాడినదా అనే ప్రశ్న మిగిలింది. ధరలో తేడా బాగా ఉంటుంది కాబట్టి నేను వాడినదానికే వెళ్తాను. గుడ్డ మీద చిన్న చిన్న ఉండలు లేచినా, స్పాన్సర్ అక్షరాలు కాస్త పగిలినా ఫరవాలేదు. ఎవరో తర్వాత వేయించిన పేరు, నంబరు ఉంటే మాత్రం వద్దు. సైజు అక్షరాలను నమ్మకుండా ఒక చంక నుంచి మరో చంక వరకు కొలత అడగండి, పిల్లల సైజును పెద్దల సైజుగా అంటగట్టేవారు ఉన్నారు. ఇంటికి వచ్చాక తిరగేసి చన్నీళ్లలో చేత్తో ఉతకండి, అక్షరాల మీద ఇస్త్రీ పెట్టకండి. మడిచేటప్పుడు అక్షరాలు ఒకదానికొకటి ఆనకుండా మధ్యలో పలుచని తెల్ల కాగితం వేయండి. లేకపోతే కొన్నాళ్లకు అవి అతుక్కుపోయి, విప్పబోతే ఊడి వస్తాయి.