రెనిసిస్, 8సి: పనితనం దేనిలో ఎక్కువ?

రెండూ జపాన్ కంపెనీ మాజ్దా రోటరీ ఇంజన్లే, అంటే పిస్టన్ల బదులు రోటర్ అనే మూడు మూలల ముక్క తిరిగే ఇంజన్లు. 2003లో వచ్చిన ఆర్ఎక్స్-8 కారులోది రెనిసిస్, 2023లో ఎంఎక్స్-30 ఆర్-ఈవీ కారుతో వచ్చింది 8సి. పాతదానిలో 654 సీసీ రోటర్లు రెండు, కొత్తదానిలో 830 సీసీది ఒక్కటే. పైగా ఈ కొత్తది చక్రాల్ని తిప్పదు, జనరేటర్‌ని తిప్పి కరెంటు ఇస్తుందంతే.

అసలు కథంతా రోటర్ మూడు మూలల్లో గ్యాస్ లీకవకుండా ఆపే సన్నటి పట్టీ, అపెక్స్ సీల్ దగ్గరే ఉంది. రెనిసిస్‌లో దాని మందం 2 మి.మీ., 8సిలో 2.5. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది గానీ, హౌసింగ్ (రోటర్ చుట్టూ ఉండే పెట్టె) గోడను రాసుకుంటూ తిరిగే ముక్క అది, అరిగిందంటే కంప్రెషన్ (లోపల గాలి, పెట్రోలు నొక్కుకునే ఒత్తిడి) పోయినట్టే. పాత ఇంజన్లు రీబిల్డ్ చేసే మెకానిక్‌లు బిగించేటప్పుడు ఆ సన్నటి సీళ్లు గాడిలోంచి జారిపోకుండా వాజలైన్ రాసి అంటిస్తారు, ఒక్కటి పక్కకి జరిగినా మళ్లీ మొదటికే.

పాతదాని సైడ్ హౌసింగ్ (రోటర్‌కి పక్కనుండే గోడ) పోత ఇనుము. 8సికి అల్యూమినియం వాడి 15 కిలోలకు పైగా తగ్గించారు, కాకపోతే అది మెత్తటి లోహం కాబట్టి పైన గట్టి పూత స్ప్రే చేయాల్సి వచ్చింది.

హిరోషిమాలో 8సిని అనుభవమున్న పనివాళ్లే చేత్తో బిగిస్తారు. పనితనం చూస్తే నా ఓటు 8సికే. నడిపే సరదా కావాలంటే మాత్రం, మాన్యువల్ గేర్లతో 9,000 ఆర్‌పీఎం దాకా వెళ్లే రెనిసిస్సే, పెట్రోలు బిల్లు చూసి ఏడవకపోతే.