క్లైడ్ పఫర్: కాలువ రకమా, సముద్రపు రకమా?

స్కాట్లాండ్ క్లైడ్ పఫర్లు ఆవిరితో నడిచే చిన్న సరుకు ఓడలు. మొదట్లో కాలువల్లో తిరిగే వాటికి కండెన్సర్ (వాడిన ఆవిరిని మళ్లీ నీళ్లుగా మార్చే పరికరం) ఉండేది కాదు. చుట్టూ మంచినీళ్లే కదా! వాడేసిన ఆవిరి పొగగొట్టంలోంచి "పఫ్ పఫ్"మని పోయేది, పేరు అలా వచ్చింది. సముద్రంలో ఉప్పునీళ్లు బాయిలర్‌ను పాడుచేస్తాయి కాబట్టి ఆ రకానికి కండెన్సర్ పెట్టారు. చప్పుడు పోయింది, పేరు మిగిలింది.

ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ లాకుల్లో ఇమడాలని ఈ ఓడల పొడవు 66 అడుగులకే ఆపారు.

నా ఓటు సముద్రపు రకానికే. రేవు లేని దీవుల్లో, ఆటు సమయంలో, చదునైన అడుగుతో ఇసుక మీద నిలకడగా కూర్చునేది. గుర్రపు బళ్లు పక్కకే వచ్చి బొగ్గు ఎత్తుకెళ్లేవి. పోటు వచ్చేలోపు అంతా దించేయాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం విక్ (VIC) అనే సరఫరా ఓడలను ఈ నమూనాలోనే కట్టించింది. వాటిలో 1943 నాటి విక్ 32ను ఆవిరి ఇంజన్‌తో సహా కాపాడుకున్నారు.